నోటు పుస్తకంలో కనిపించే దేహదారుఢ్యం

పాఠకుల ప్రశ్నలు, వ్యాయామ శిక్షకుడి జవాబులు

ప్రశ్న: నా వయసు 27. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో హాస్టల్‌లో ఉంటున్నాను. ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. పద్నాలుగు నెలలుగా వారానికి ఐదు రోజులు జిమ్‌కు వెళ్తున్నా చేతులు సన్నగానే ఉన్నాయి, చొక్కా టక్ చేస్తే పొట్ట మాత్రం కాస్త ముందుకు కనిపిస్తుంది. మా ట్రైనర్ వారం వారం వ్యాయామాలు మారుస్తూ, తక్కువ బరువుతో ఇరవై, ఇరవై ఐదు రెప్స్ (ఎత్తి దించడాలు) చేస్తేనే షేప్ వస్తుందని, పెద్ద బరువులు పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లేవాళ్లకే అవసరమని అంటున్నారు. చేరిన కొత్తలో 40 కిలోలతో స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం) చేసేవాణ్ణి, ఇప్పుడూ అంతే చేస్తున్నాను. నాకు బలంతో పెద్ద పని లేదు, చూడడానికి బాగుంటే చాలు. బలం పెంచుకోకుండా ఆకృతి బాగుపడే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు యథాలాపంగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పద్నాలుగు నెలల కిందట 40 కిలోలు, ఇప్పుడూ 40 కిలోలే. మీ చేతులు సన్నగానే ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

కండ శరీరానికి ఖరీదైన సరుకు. దాన్ని కట్టడానికీ, కట్టినదాన్ని నిలబెట్టుకోవడానికీ తిండి ఖర్చవుతుంది కాబట్టి, అవసరం కనబడనిదే శరీరం కొత్త కండ పెట్టదు. బరువు మోసేటప్పుడు కండర తంతువుల్లో పుట్టే బిగువే ఆ అవసరాన్ని తెలిపే ముఖ్యమైన సంకేతం. మొదటి నెలలో 40 కిలోలు మీ తొడలకు కొత్త కాబట్టి అవి స్పందించాయి. రెండు మూడు నెలలకల్లా ఆ బరువు వాటికి రోజువారీ పని అయిపోయింది. ఆ తరువాత మీరు చేసినదంతా, చెమట ఎంత పట్టినా, ఉన్న కండను కాపాడుకోవడం మాత్రమే. ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడి రాళ్లు ఎత్తే కుర్రవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, చిన్న గుండు లేచాక వాళ్ల చెయ్యి దానంతట అదే పక్కనున్న పెద్ద గుండు మీదికి వెళ్తుంది. వైద్యంలో దీనికొక పద్ధతి ఏర్పరచినవాడు థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడి కాళ్లు చిక్కిపోయిన సైనికులచేత తేలికపాటి కదలికలు ఎక్కువసార్లు చేయించడం అప్పటి ఆనవాయితీ కాగా, ఆయన వాళ్లచేత బరువులు ఎత్తించి, లేచినకొద్దీ వాటిని పెంచుకుంటూ పోయి, 1945లో ఆ ఫలితాలను ప్రచురించాడు. మన జిమ్‌లలో అందరూ నోటికి చెప్పే ‘పది రెప్స్, మూడు సెట్లు’ (ఆగకుండా పదిసార్లు చొప్పున మూడు విడతలు) అనే లెక్క వ్యాపించింది కూడా ఆయన పని నుంచే.

మీ ట్రైనర్ మాట పూర్తిగా తప్పని నేను అనను. తక్కువ బరువుతో ఎక్కువ రెప్స్ చేసినా కండ పెరుగుతుందని గత పదిహేనేళ్ల పరిశోధనలు బాగానే చూపించాయి. అయితే అందులో ఒక షరతు ఉంది: ఇక మరొకటో రెండో తప్ప చేయలేమన్న స్థితి వచ్చేదాకా ఆ సెట్ సాగాలి. ఇరవై ఐదో రెప్ దగ్గర తొడలు మంటెక్కి, ఊపిరి అందక, రాడ్డు పట్టుకుని నిలబడిపోయే పరిస్థితి అది. మీరు ఇరవై ఐదు పూర్తిచేసి వెంటనే ఫోన్ తీసి చూడగలుగుతున్నారంటే ఆ షరతు తీరలేదని అర్థం. ఒకవేళ తీరినా మళ్లీ మొదటి ప్రశ్నే ఎదురవుతుంది, ఎందుకంటే ఆరు నెలల తరువాత అదే బరువుతో అవే ఇరవై ఐదు రెప్స్ సునాయాసంగా వస్తుంటే బిగువు తగ్గినట్టే, అప్పుడు బరువైనా పెరగాలి, రెప్స్ అయినా పెరగాలి, అలా పెరగడాన్నే మనం బలం అంటున్నాం.

లెక్క వేసి చూడండి. 40 కిలోలతో ఎనిమిదేసి రెప్స్ చొప్పున మూడు సెట్లు చేస్తే మీ కాళ్లు మొత్తం 960 కిలోలు మోసినట్టు. ఏడాది తరువాత అదే మనిషి 60 కిలోలతో అవే సెట్లు చేస్తే 1,440 కిలోలు. సమయం పెరగలేదు, జిమ్ ఫీజూ పెరగలేదు, అవే ఇరవై నిమిషాల్లో కండ మీద పడిన పని ఒకటిన్నర రెట్లయింది. ఆకృతి కోసమే వచ్చినవారికి కూడా బలం అవసరమయ్యేది ఇందుకే. వారం వారం వ్యాయామాలు మార్చడంలో ఉన్న చిక్కు కూడా ఇక్కడే బయటపడుతుంది. కొత్త వ్యాయామం చేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు బాగా పుడతాయి కాబట్టి ఏదో గట్టిగానే చేశామన్న తృప్తి కలుగుతుంది గాని, ఒకే వ్యాయామం రెండు మూడు నెలలు పట్టుకుని ఉండకపోతే బలం పెరిగిందో లేదో తేల్చుకునే ఆధారమే మిగలదు. నొప్పులు ఎదుగుదలకు కొలమానం కావు.

మన భాషలో బాడీబిల్డింగ్‌కు వాడే దేహదారుఢ్యం అన్న మాటను ఎప్పుడైనా పరిశీలించారా? అందులో రూపం ఊసే లేదు. దృఢం నుంచి పుట్టిన దార్ఢ్యం వాడుకలో దారుఢ్యం అయింది, అంటే గట్టిదనం.

పొట్ట సంగతి. మీ ఎత్తు బరువులను బట్టి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు తగినంత ఉందో లేదో చెప్పే అంకె, 21.4 వస్తుంది, మన ఆసియా వాసులకు 23 దాటితేనే అధిక బరువుగా లెక్క. అంటే తూకం ప్రకారం మీరు లావు కాదు. పైకి సన్నగా కనిపిస్తూ, కండ తక్కువగా, కొవ్వు పాలు ఎక్కువగా ఉండే ఈ తరహా శరీరం మన దేశంలో సాధారణమని పుణేకు చెందిన మధుమేహ పరిశోధకుడు యాజ్ఞిక్ చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చారు. ఇటువంటివారు పొట్ట తగ్గాలని తిండి మానేసి ట్రెడ్‌మిల్ ఎక్కితే 64 కిలోల మనిషి 59 కిలోల మనిషి అవుతాడు, అద్దంలో మాత్రం అదే ఆకారం కాస్త చిన్నదిగా కనిపిస్తుంది. మీరు పెంచుకోవలసింది భుజాలు, వీపు, తొడలు. అవి కండపట్టి నిండుగా అయితే నడుము వాటి పక్కన దానంతట అదే చిన్నదిగా కనబడుతుంది. రోజూ వంద క్రంచెస్ చేసినంత మాత్రాన పొట్ట మీది కొవ్వు కరగదు, ఎందుకంటే ఏ భాగానికి వ్యాయామం చేస్తే ఆ భాగంలోని కొవ్వే ఖర్చవుతుందన్న నియమం శరీరానికి లేదు. నడుము చుట్టుకొలత మాత్రం నెలకొకసారి టేపుతో కొలుచుకోండి, 90 సెంటీమీటర్లకు లోపే ఉండాలి.

ఇప్పుడు చేయవలసిన పని. వారానికి ఐదు రోజులను మూడు రోజులకు తగ్గించండి. స్క్వాట్, నడుము వంచకుండా తుంటి దగ్గర మడిచి ఎత్తే డెడ్‌లిఫ్ట్ వంటిది ఒకటి, బెంచ్ ప్రెస్, తల పైకి నెట్టే ప్రెస్, తన వైపుకు లాగే రో లేదా పుల్‌డౌన్: ఈ ఐదింటిని రెండు రకాలుగా పంచుకుని రోజుకు మూడేసి చొప్పున చేసుకోండి. ఒక్కోదానికి మూడు సెట్లు, సెట్‌కు ఆరు నుంచి పది రెప్స్. ఆపే సమయానికి ఇంకొక్కటో రెండో చేయగలిగే ఓపిక మిగిలి ఉండాలి. నడుము వంగి, మోకాళ్లు లోపలికి పడిపోతూ ఎత్తినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మూడు సెట్లలోనూ పదికి చేరిన రోజున, తరువాతిసారికి 2.5 కిలోలు పెంచండి. అంటే రాడ్డుకు అటూ ఇటూ 1.25 కిలోల ప్లేట్లు. చాలా జిమ్‌లలో ఈ చిన్న ప్లేట్లు ఉండవు, లేదా ఏ బెంచీ కిందో దుమ్ము కొట్టుకుని పడి ఉంటాయి, అడిగి తీయించుకోండి. అయిదేసి కిలోల చొప్పున ఎగబాకితే కాళ్లు తట్టుకోవచ్చు గాని భుజాలు తట్టుకోవు.

నలభై పేజీల నోటు పుస్తకం ఒకటి కొనుక్కోండి. నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒక కుర్రాడి పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: ‘స్క్వాట్ 42.5: 8, 8, 7.’ దాని కింది వరసలో ‘42.5: 9, 8, 8.’ ఆ కింద ‘42.5: 10, 9, 8, నిద్ర తక్కువ.’ మరో రెండు వరసల తరువాత 45 మొదలవుతుంది, అక్కడ రెప్స్ మళ్లీ ఏడుకు దిగుతాయి. అద్దం రోజుకొక మాట చెబుతుంది, రాత్రి బిర్యానీ తింటే ఒకటి, నీళ్లు తక్కువ తాగితే ఒకటి. పుస్తకంలో అంకె ముందుకు కదలకుండా మూడు వారాలు గడిస్తే తిండి, నిద్ర, పద్ధతి ఈ మూడింటిలో ఎక్కడో లోపం ఉందని తెలిసిపోతుంది.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో బలం వేగంగా పెరిగినా కొలతల్లో పెద్ద తేడా ఉండదు. కండలో ఉన్న తంతువులను ఎక్కువ సంఖ్యలో, ఒక్కసారిగా పనిలోకి దించడం ముందు నాడీమండలం నేర్చుకుంటుంది. కండ మందం పెరగడం దాని వెనకాల వస్తుంది. చాలామంది సరిగ్గా ఈ రెండో నెలలోనే నిరాశపడి ఇంకో జిమ్‌కో, ఇంకో ట్రైనర్ దగ్గరికో మారిపోతారు. నేనూ ఇరవై రెండేళ్ల వయసులో నారాయణగూడలో ఒక జిమ్‌లో అద్దానికి ఎదురుగా నిలబడి రెండేళ్లపాటు అదే డంబెల్‌తో చేతులు మడిచినవాణ్ణే. పాతబస్తీలో ఒక తాలీంఖానాకు, అంటే పాతకాలపు కసరత్తుశాలకు, స్నేహితుడు తీసుకువెళ్తే అక్కడి ఉస్తాద్ నా చేతుల వంక చూడనైనా చూడకుండా బస్కీలు తీయమన్నారు. ముప్ఫై దాటేసరికి కూలబడ్డాను. నా పక్కనే పదహారేళ్ల పిల్లవాడు రెండు వందలు తీసి, నీళ్లు తాగి, దండీలు మొదలుపెట్టాడు. వాడి భుజాలు నావాటికి రెట్టింపు ఉన్నాయి.

బలం పెంచినంత మాత్రాన కోరుకున్న ఆకృతి వచ్చి తీరుతుందని మాత్రం నేను చెప్పను. ఒకే ఒక్క రెప్‌లో ఎంత పెద్ద బరువు ఎత్తగలరన్నది చాలావరకు ఆ కదలికలోని నేర్పు, అది మీకు అవసరం లేదు, స్నేహితులతో పందెం కాసి ఆ పని చేయకండి. ఎముకల పొడవు, భుజాల వెడల్పు పుట్టుకతో వచ్చినవి, వాటిని ఏ వ్యాయామమూ మార్చదు. ఆరు నుంచి పది రెప్స్‌లో మీరు ఎత్తగలిగే బరువు ఏడాదిలో ఎంత పెరిగిందన్నదే మీ విషయంలో పట్టించుకోవలసిన బలం. తిండి సంగతి కింది జవాబులో ఉంది, అది మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: బలం పెరగాలంటే రోజుకు ఎంత ప్రొటీన్ తినాలి? పౌడర్ లేకుండా కుదురుతుందా? హాస్టల్‌లో పెట్టేది అన్నం, నీళ్ల పప్పు, ఆదివారం చికెన్.
– మరొక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్‌ను సిఫారసు చేస్తోంది. ఇది సాధారణ జీవనానికి సరిపడే లెక్క. బరువులు ఎత్తేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా తీసుకుంటే ప్రయోజనం ఉంటుందని, ఆ పైన తిన్నది కండకు పెద్దగా కలిసిరాదని పరిశోధనల సారాంశం. 64 కిలోల మనిషికి ఇది సుమారు 100 గ్రాములు.

ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. పావు లీటరు పాలలో 8. గట్టిగా వండిన పప్పు ఒక కప్పులో 7 దాకా ఉంటుంది గాని మీ హాస్టల్ పప్పులో అందులో సగం కూడా ఉండకపోవచ్చు. నూరు గ్రాముల పచ్చి పెసలలో 24, యాభై గ్రాముల సోయా మీల్‌మేకర్‌లో 26, నూరు గ్రాముల ఎముక లేని చికెన్‌లో 22కు అటూ ఇటూ. రోజూ నాలుగు గుడ్లు, అర లీటరు పాలు లేదా పెరుగు, నానబెట్టిన పెసలు గుప్పెడు, మీల్‌మేకర్ కూర ఒక పూట అనుకుంటే డెబ్బై, ఎనభై దగ్గరికి వచ్చేస్తారు; మిగతాది అన్నం, చపాతీ, పప్పు కలిసి సర్దుతాయి. హాస్టల్ గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే గుడ్లు ఉడికించుకోవడం కష్టం కాదు. పల్లీల్లో ప్రొటీన్ ఉన్న మాట నిజమే, నూరు గ్రాములకు 25 గ్రాములు. వాటితో పాటు 560 పైచిలుకు కేలరీలు కూడా వస్తాయి కాబట్టి ప్రొటీన్ కోసం వాటినే నమ్ముకుంటే పొట్ట వైపు నుంచి సమాధానం చెప్పుకోవాలి.

పౌడర్ విషయంలో జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దనే చెబుతున్నాయి. నా అభిప్రాయం అంత కఠినం కాకపోయినా, నాలుగు గుడ్లు తినడానికి బద్ధకించేవాడు డబ్బా కొంటే ఆ డబ్బా అలమారలో మిగిలిపోవడమే నేను ఎక్కువగా చూశాను. మూత్రపిండాల సమస్య ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా ప్రొటీన్ ఏ రూపంలోనూ పెంచకూడదు.

ప్రశ్న: నేను మలక్‌పేటలో ఒక పాఠశాలలో టీచర్‌ను, వయసు 38. ఎనిమిది నెలలుగా రోజూ గంట నడుస్తూ, రాత్రిపూట అన్నం మానేసి ఆరు కిలోలు తగ్గాను. చీరలో తేడా తెలుస్తోంది గాని చేతులు, పొట్ట వదులుగా వేలాడుతున్నాయి, మెట్లెక్కితే మునుపటికంటే నీరసంగా ఉంది. బరువులు ఎత్తమని మా చెల్లెలు అంటోంది. మగవాళ్లలా తయారవుతానేమోనని భయం.
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీ చెల్లెలు చెప్పినది వినండి, అమ్మా. తిండి తగ్గించి, నడక ఒక్కటే చేసి బరువు తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కొంత కండ కూడా పోతుంది. తూకంలో తగ్గిన ఆరు కిలోల్లో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది యంత్రం చెప్పదు. మెట్ల దగ్గర నీరసానికి ఇది ఒక కారణం కావచ్చు. రక్తహీనత కూడా మన ఆడవాళ్లలో ఎక్కువ కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష ఒకసారి చేయించుకోండి.

మగవాళ్లలా అవుతామన్న భయానికి ఆధారం లేదు. కండ పెద్దఎత్తున పెరగడానికి తోడ్పడే టెస్టోస్టిరాన్ స్త్రీలలో పురుషుల కంటే పది రెట్లకు పైగా తక్కువ. మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు పోటీపడింది 69 కిలోల విభాగంలో. ఏళ్ల తరబడి అదే పనిగా శిక్షణ పొందితే వచ్చిన బలం అది. వారానికి రెండు మూడు రోజులు అరగంట చేసేవారికి చేతులు బిగుస్తాయి, భుజాలు నిటారుగా నిలుస్తాయి, అంతే.

దుకాణంలో ఆడవాళ్లకని చూపించే రెండు కిలోల గులాబీరంగు డంబెల్స్ కొనకండి. మీ వంటింట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను స్టాండ్ మీదికి ఎక్కించేది మీరే అయితే, మీరు ఇప్పటికే 20 కిలోలు ఎత్తుతున్నారు. 25 కిలోల వరకు ప్యాకింగ్ మీద జీఎస్టీ వేసినప్పటి నుంచి బియ్యం బస్తా కూడా 26 కిలోలైంది, దాన్ని పక్కకు జరిపేదీ మీరే అయి ఉంటారు. వాటిని ఒంటి మీదికి లాక్కుని ఎత్తడం, నడుముతో కాకుండా తొడలతో లేవడం నేర్చుకుంటే అదే డెడ్‌లిఫ్ట్. మొదటి నెల కుర్చీ అంచు దాకా కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి పుష్‌అప్, పుస్తకాల సంచిని నడుము దాకా లాగడం చాలు. ఆ తరువాత ఐదు కిలోల డంబెల్ జత కొనుక్కోండి. నడకను వారానికి నాలుగు రోజులకు తగ్గించినా నష్టం లేదు. రాత్రిపూట మానేసింది అన్నమైతే దాని చోటులో పప్పు, పెరుగు, గుడ్డు వంటివి ఉండాలి, ఖాళీ కడుపు ఉండకూడదు.

ప్రశ్న: మా నాన్నగారు ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, వయసు 66. షుగర్ ఉంది. రోజూ ఇందిరా పార్కులో నడుస్తారు. కాళ్లు సన్నబడిపోతున్నాయి, కింద కూర్చుంటే లేవడానికి చెయ్యి ఆసరా కావాలి. ఈ వయసులో బరువుల వ్యాయామం అంటే ప్రమాదం కాదా?
– ఒక పాఠకుడు, కవాడిగూడ

జవాబు: మానేయడంలోనే ఎక్కువ ప్రమాదం ఉంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల ప్రాయంలో ఉన్న పదిమందిచేత ఎనిమిది వారాలపాటు తొడ కండరాలకు బరువుల వ్యాయామం చేయిస్తే, వాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. భోజనం తరువాత రక్తంలోకి వచ్చిన చక్కెరలో పెద్ద భాగాన్ని పీల్చుకునేది కూడా కండే కాబట్టి షుగర్ ఉన్నవారికి కాళ్ల కండ మందుతో సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవారందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామాన్ని సూచిస్తోంది. నడక ఆ లెక్కలోకి రాదు.

మొదలుపెట్టే ముందు బీపీ అదుపులో ఉందో లేదో, షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నదేమో డాక్టర్లకు చూపించండి. ఇన్సులిన్ గాని, షుగర్‌ను బాగా దించే మాత్రలు గాని వాడుతుంటే ఖాళీ కడుపుతో చేయించకండి. ఊపిరి బిగబట్టి లేవడం మంచిది కాదు, లేచేటప్పుడు గాలి బయటికి వదలాలి. ఇంట్లో చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి పెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఎన్నిసార్లు కూర్చుని లేవగలరో చూడండి. మొదటిరోజు నాలుగే కావచ్చు, రెండే కావచ్చు. అసలు లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. రోజు విడిచి రోజు, రెండు విడతలుగా చేయించండి. పది తేలిగ్గా వచ్చాక దిండు తీసేయండి, మళ్లీ పది వచ్చాక చేతిలో కిలో కందిపప్పు పొట్లం పెట్టండి. ఆ అంకెలను క్యాలెండర్ మీద తేదీ పక్కన ఆయనచేతే రాయించండి, రెండు నెలల తరువాత ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి.